బల్ల దగ్గర ఎవరి కోసం ఆగాలి? – పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ప్రభురాత్రి భోజనం గురించే. యేసును తలుచుకుంటూ సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఈ ఆచారాన్నే సంస్కారమనీ బల్ల అనీ అంటాం. విశాఖ, చుట్టుపక్కల నుంచి వచ్చినవాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: మా సంఘంలో నెలకు మొదటి ఆదివారం సంస్కారం ఇస్తారు. ఇంటి వాటా దగ్గర మా తోటికోడలికీ నాకూ మాటామాటా పెరిగి మూడు నెలలుగా పలకరింపు లేదు. “అయోగ్యంగా తీసుకుంటే శిక్ష” అని విన్నప్పటి నుంచి బల్ల వేళకు లేచి బయటికి వెళ్లిపోతున్నాను. ఒకసారి ధైర్యం చేసి తీసుకుంటే ఆ వారమే బాబుకు జ్వరం వచ్చింది. అది శిక్షేనా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: బాబు జ్వరం సంగతి ముందు తేల్చేద్దాం. అది శిక్ష కాదు. గ్రీకు పట్టణం కొరింథులోని సంఘంలో చాలామంది బలహీనులూ రోగులూ అయ్యారని అపొస్తలుడు పౌలు రాసిన మాట నిజమే (1 కొరింథీ 11:30). అది ఒక సంఘానికి, దాని తప్పు ఇదీ అని చూపించి చెప్పిన మాట. దాన్ని తిరగేసి, జబ్బు చేసిన ప్రతి ఇంటికీ ఒక పాపం అంటగట్టే లెక్క ఆయన ఎక్కడా నేర్పలేదు. పిల్లాడికి జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి, ప్రార్థన చేసుకోండి. బల్లకు ముడిపెట్టకండి.

ఇక “అయోగ్యముగా” అన్న మాట. అది తినే తీరు గురించిన మాట, తినే మనిషి గురించి కాదు. “అయోగ్యుడు తింటే” అని అక్కడ లేదు. యోగ్యులకు మాత్రమే అయితే బల్ల వెనక అయ్యగారు (పాస్టరు) కూడా నిలబడలేరు. ఆ తీరు ఏమిటో అదే అధ్యాయం 17వ వచనం నుంచి చదివితే తెలుస్తుంది. అప్పట్లో రొట్టె, పాత్ర ఒక పూర్తి భోజనంలో భాగం. కొరింథులో ఉన్నవాళ్లు తాము తెచ్చుకున్నది ముందే తినేస్తున్నారు. “ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును.” లేనివాళ్లు సిగ్గుతో కూర్చుంటున్నారు. పౌలు చెప్పిన విరుగుడు చిన్నది: “ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి” (11:33). మన పెళ్లి బంతిలో చివరి ఆకుదాకా వడ్డన అయ్యేవరకూ ఎవరూ ముద్ద ఎత్తరు కదా, ఆ మర్యాదే ఇది. కొరింథువాళ్లు బంతి మర్యాద తప్పారు.

అందుకే 29వ వచనంలో “శరీరమని వివేచింపక” అన్నచోట రొట్టె దగ్గరే ఆగిపోకూడదని మా అభిప్రాయం. ముందు అధ్యాయంలో “అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము” అన్నాడు (10:17). తర్వాతి అధ్యాయంలో సంఘాన్నే క్రీస్తు శరీరం అన్నాడు (12:27). రెంటి మధ్య వచ్చిన ఆ మాటకు పక్కన కూర్చున్న మనిషితో సంబంధం లేదనడం కష్టం. మీ తోటికోడలూ ఆ శరీరంలో భాగమే.

ఏం చేయాలంటే: సంస్కార ఆదివారానికి వారం, పది రోజుల ముందే కదలండి. శనివారం రాత్రి ఫోన్ చేస్తే బల్ల కోసమే చేసినట్టు ఉంటుంది, అవతలివాళ్లకు అది ఇట్టే తెలుస్తుంది. మొదటిసారి మధ్యవర్తి లేకుండా మీరే వెళ్లండి. మీ వైపు తప్పు ఏదుందో అదొక్కటే చెప్పండి, “నువ్వు మాత్రం” అన్న మాట నోట రానివ్వకండి. వాటా లెక్క ఆ రోజు ఎత్తకండి. ఆస్తి తగువు పెద్దలో వకీలో తేలుస్తారు, దానికి ఏళ్లు పట్టొచ్చు. పలకరింపు అన్నాళ్లు ఆగక్కర్లేదు. మత్తయి 5:23లో మాట కూడా గమనించండి: “నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని”. మీకు ఆమె మీద ఉన్న కోపం కంటే ఆమెకు మీ మీద ఉన్న నొప్పి ముందు లెక్కలోకి వస్తుంది.

ఆమె తలుపు వేసేస్తే? మీ చేతనైనంత మట్టుకు సమాధానంగా ఉండమన్నాడు (రోమా 12:18). మీ వంతు చేశాక బల్ల దగ్గరికి రండి. 1 కొరింథీ 11లో 28వ వచనం తన్ను తాను పరీక్షించుకుని తినమంటుంది, పరీక్షించుకుని బయటికి వెళ్లమనదు. ఒక్క మినహాయింపు: కొట్టే మనిషితోనో ప్రాణభయం ఉన్న ఇంట్లోనో “ముందు రాజీపడి రా” అని ఎవరైనా ఒత్తిడి చేస్తే వినకండి. క్షమించడం వేరు, మళ్లీ ఆ చేతికి చిక్కడం వేరు.

ప్రశ్న: మా పక్క క్వార్టర్ వాళ్లు ఆర్సీఎం (రోమన్ కేథలిక్కులు). రొట్టె నిజంగా క్రీస్తు శరీరమే అవుతుందంటారు. మా బాప్టిస్టు అయ్యగారు జ్ఞాపకార్థమే అంటారు. ఏది నమ్మాలి?
– ఉక్కునగరం

జవాబు: ముందు ఎవరేమంటారో సరిగ్గా తెలుసుకుందాం. చాలా వాదనలు అవతలివాళ్లు అనని మాట మీదే జరుగుతుంటాయి. రుచి, వాసన, బరువు మారతాయని కేథలిక్కులు ఎప్పుడూ అనలేదు. అవన్నీ అలాగే ఉండగా లోపలి సారం క్రీస్తు శరీరంగా మారుతుందన్నది వాళ్ల బోధ. ఈ మార్పును చెప్పే మాటను 1215లో వాళ్ల లాటరన్ సభ వాడింది, 1551లో ట్రెంట్ సభ ఖాయం చేసింది. కాబట్టి “ల్యాబులో పరీక్ష చేయిస్తే తేలిపోతుంది” అనే ఎగతాళి వాళ్లకు తగలదు. లూథరన్లు రొట్టె రొట్టెగానే ఉంటుందనీ, దానిలో, దానితో, దాని కింద క్రీస్తు శరీరం నిజంగా అందుతుందనీ అంటారు. లూథర్ లాగే 16వ శతాబ్దపు సంఘ సంస్కర్త అయిన కాల్విన్ బాటలో నడిచేవారికి పరిశుద్ధాత్మ ద్వారా విశ్వాసి క్రీస్తుతో పోషణ పొందుతాడు. అదే కాలపు మరో సంస్కర్త జ్వింగ్లీ జ్ఞాపకానికి పెద్దపీట వేశాడు, మీ అయ్యగారి మాటకు మూలం అక్కడుంది. 1529లో మార్బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ కూర్చుని 15 అంశాల్లో 14 ఒప్పుకున్నారు. పదిహేనోది ఈ బల్లే. అందులోనూ కొంతమేరకు కలిశారు, రొట్టెలో శరీరం ఉందా లేదా అన్నచోట విడిపోయారు.

మా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాం. “జ్ఞాపకార్థమే” అనడంలో చివరి “మే” బరువు ఎక్కువైంది. లూకా 22:19లో జ్ఞాపకం పస్కా బల్ల మీద పలికిన మాట. పస్కా అంటే ఐగుప్తు దాసత్వం నుంచి విడుదలను తలుచుకునే యూదుల పండుగ. పస్కాలో యూదుడు తాతల కథ తలుచుకుని ఊరుకోడు, తానే ఐగుప్తు నుంచి బయటికి వచ్చినట్టు కూర్చుంటాడు. నిర్గమ 13:8 తండ్రి కొడుకుతో “నాకు” చేసినదాన్ని బట్టి అని చెప్పమంటుంది. పటానికి దండ వేయడం లాంటి జ్ఞాపకం కాదది.

ఇంకో మాట 1 కొరింథీ 10:16లో ఉంది: “పాలుపుచ్చుకొనుట”. గ్రీకులో కొయినోనియా. అపొస్తలుల కార్యములు 2:42లో “సహవాసము” అన్నదీ ఆ మాటే. తెలుగులో పాలు అంటే వాటా. ఒకే ఆస్తిలో పాలు ఉన్నవాళ్లను మనవైపు పాలివాళ్లు అంటాం, పురుడొచ్చినా మైలొచ్చినా అందరికీ వస్తుంది. ఒక రొట్టెలో పాలు పుచ్చుకున్నవాళ్లు క్రీస్తులో పాలివాళ్లయ్యారన్నమాట. లండన్ మిషన్ వాళ్లు 1805లో మన విశాఖకు వచ్చి సువార్తల అనువాదం మొదలుపెట్టారు. ఆ బాటలో వచ్చిన తెలుగు బైబిలులో ఇంత సొగసైన మాట ఉండగా మనం “కమ్యూనియన్” అని ఎందుకు పట్టుకు వేలాడుతున్నామో!

రొట్టెలో ఏం జరుగుతుందన్నది మీరూ పక్క క్వార్టర్ వాళ్లూ ఈ వారంలో తేల్చలేరు. తినేవాళ్ల మధ్య ఏం జరగాలన్న దానిలో మాత్రం రెండు సంఘాలకూ తేడా లేదు.

ప్రశ్న: యూదుల నిశ్చితార్థంలో వరుడు వధువుకు ద్రాక్షరసం గిన్నె ఇస్తాడనీ, యేసు ఇచ్చింది ఆ గిన్నేననీ ఒక వీడియోలో విన్నాను. సంఘం వధువు కాబట్టి సంస్కారం తీసుకోవడమంటే “సరే” అనడమేనా?
– ఒక యువకుడు, మధురవాడ

జవాబు: వినడానికి బాగుంది, వాక్యంలో లేదు. ఆ రాత్రి బల్ల మీద సువార్తలు చెప్పే సంగతులు పస్కా, నిబంధన. “నిబంధన రక్తము” అన్నప్పుడు వెనక నిర్గమ 24:8 ఉంది, “క్రొత్త నిబంధన” వెనక యిర్మీయా 31:31 ఉంది. నిశ్చితార్థం ఊసు సువార్తలు రాసిన నలుగురిలో ఎవరూ ఎత్తలేదు.

వధువుకూ బల్లకూ సంబంధం ఉన్నది వేరేచోట. ఎఫెసీ 5లో క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నాడన్నది 25వ వచనం. పెళ్లి ప్రసంగాల్లో అక్కడ ఆపేస్తారు. 29 చదవండి: తన శరీరాన్ని ఎవడూ ద్వేషించడు, “ప్రతివాడును దానిని పోషించి సంరక్షించుకొనును”, క్రీస్తు సంఘానికి చేసేదీ అదే. పోషించడం అన్నం పెట్టే మాట. పెళ్లికుమారుడు తన ఇంటిదాన్ని ఆకలితో ఉంచడు, బల్ల పరుస్తాడు. 32లో పౌలు దాన్ని గొప్ప మర్మం అంటాడు. పెద్ద విందు ఇంకా ముందుంది (ప్రకటన 19:9), ఇప్పటిది దారిబత్తెం.

ఇంకో జాగ్రత్త. వధువు అంటే సంఘమంతా. “నేను యేసు వధువును” అని విడివిడిగా పాడుకోవడం ఇటీవల ఎక్కువైంది. 2 కొరింథీ 11:2లో పౌలు ఒక్క కన్యకను ఒక్క పురుషునికి ప్రధానం చేశానన్నాడు, ఆ కన్యక కొరింథు సంఘం. మీ ఒక్కరి “సరే”తో పెళ్లి అయిపోదు.

ప్రశ్న: రసం, రొట్టె తయారీ మా స్త్రీల సమాజం చూస్తుంది. 200 మంది ఉంటాం. పోయిన నెల శుక్రవారం చేసి చర్చిలో పెట్టిన రసం ఆదివారానికి నురగ కట్టి పుల్లవాసన వేసింది. చపాతీ తోలులా సాగింది. ఎక్కడ తప్పు జరిగింది?
– మర్రిపాలెం

జవాబు: (పులిసిన నిజమైన ద్రాక్ష వైన్ వాడే కేథలిక్ సంఘాలకు ఇది వర్తించదు.)

ద్రాక్ష తొక్క మీద తెల్లటి పొడిలాంటి పూత ఉంటుంది. సహజంగా పులియబెట్టే ఈస్టు ఆ తొక్క మీదే ఉంటుంది. మన ఊరి ఉక్కలో, ఫ్రిజ్ బయట, అది చక్కెరను తిని సారాయీ గాలీ తయారుచేయడానికి ఒకటిన్నర రోజు చాలు. మీరు రెండు రోజులు ఇచ్చారు. ఆ రసం పారబోయడమే మంచి పని. తాగుడు మానుకుని సంఘంలోకి వచ్చినవాళ్లకు ఆ వాసనే పరీక్ష అవుతుంది. ఈ ఇబ్బంది తప్పించడానికే 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు తమ చర్చి బల్ల కోసం ద్రాక్షరసాన్ని సీసాలో వేడిచేసి పులియకుండా ఆపాడు. మనం చేయాల్సిందీ అదే.

కప్పుకు 8 మి.లీ. చాలు, నిండా పోస్తే పళ్లెం కదిలినప్పుడల్లా ఒలుకుతుంది. 200 మందికి 1,600 మి.లీ., ఒలికేది కలిపి 1,800 అనుకోండి. కిలో నల్లద్రాక్షకు వడకట్టాక 600 మి.లీ. పైచిలుకు వస్తుంది కాబట్టి 3 కిలోలు. కాడలు తీసి, ఉప్పునీళ్లలో, తర్వాత మంచినీళ్లలో కడగండి. స్టీలు గిన్నెలోనే చేయండి. అల్యూమినియం పులుపుతో కలిసి రసానికి లోహపు రుచి ఇస్తుంది. గ్లాసు నీళ్లు పోసి సన్నని సెగ మీద తొక్కలు పగిలేదాకా, 10–12 నిమిషాలు ఉంచి, పప్పుగుత్తితో మెదపండి. మిక్సీ వద్దు, గింజ నలిగితే చేదు దిగుతుంది. పల్చని బట్టలో వడకట్టండి, గట్టిగా పిండితే అడుగున మడ్డి చేరుతుంది. మళ్లీ పొయ్యి మీద పెట్టి, అంచుల్లో చిన్న బుడగలు కనిపించాక సెగ తగ్గించి ఐదు నిమిషాలు. తెర్లనిస్తే రంగు గోధుమకు తిరుగుతుంది. వేడినీళ్లతో కడిగిన గాజు సీసాల్లో వేడిగానే పోసి, మూతపెట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. శనివారం సాయంత్రం చేస్తే సరి. చక్కెర కలపకండి, కప్పులు జిగురు పట్టి చీమలు వస్తాయి.

ద్రాక్ష దొరకని రోజుల్లో అరకిలో ఎండు నల్లద్రాక్షను లీటరున్నర నీళ్లలో రాత్రంతా నానబెట్టి, 20 నిమిషాలు మరిగించి వడకట్టండి, సుమారు లీటరు వస్తుంది. రంగుపొడి కలిపిన షర్బతు మాత్రం వద్దు. అందులో ద్రాక్ష ఉండదు, బొమ్మే ఉంటుంది.

రొట్టెకు 200 గ్రాముల గోధుమపిండి, 110–120 మి.లీ. నీళ్లు. ఉప్పు, నూనె, సోడా అక్కర్లేదు. అరగంట నాననిచ్చి, వ్యాసం 20 సెం.మీ. వచ్చేలా, 2 మి.మీ. మందంతో నాలుగు రొట్టెలు వత్తండి. ఒక్కోదానికి 60 ముక్కల దాకా వస్తాయి. పొంగకుండా ఫోర్కుతో గుచ్చి, పెనం మీద మధ్యస్థ సెగన కాల్చండి. మీ చపాతీ సాగిందంటే, ఎక్కువసేపు కాలి ఉండాలి, లేదా మూత లేకుండా ఫ్యాను కింద ఆరి ఉండాలి. వేడి పూర్తిగా తగ్గకముందే పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టండి.

ఒక్క మనవి. నాలుగూ ముందే కత్తితో తరిగి పళ్లెంలో పెట్టేయకండి. ఒకటైనా విరవకుండా బల్ల మీద ఉంచితే అయ్యగారు అందరి ముందూ విరుస్తారు. “రొట్టె యొక్కటే గనుక” అన్న మాట కంటికి కనిపించేది అప్పుడే. మిగిలినదాన్ని మీ సంఘం పద్ధతి ప్రకారం ఆరాధన అయ్యాక అక్కడే పుచ్చుకోండి, సింకులో పోయకండి.

ప్రశ్న: మా ఆయన బోటు మీద వేటకెళ్తే పది రోజులైనా రారు, మొదటి ఆదివారాలు తప్పిపోతున్నాయి. అత్తగారు పక్షవాతంతో కేజీహెచ్ ఆసుపత్రిలో ఉన్నారు. వీళ్లకు సంస్కారం లేనట్టేనా?
– ఫిషింగ్ హార్బర్ ప్రాంతం

జవాబు: మొదటి ఆదివారం మన సౌకర్యం కోసం పెట్టుకున్నది, వాక్యంలో లేదు. బ్రదరన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. రానివాళ్లకు పంపడమూ కొత్త కాదు. క్రీ.శ. 150 ప్రాంతంలో రోమ్‌లో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రాసిన దాంట్లోనే, ఆరాధనకు రాలేనివాళ్లకు పరిచారకులు తీసుకెళ్లి ఇచ్చేవారని ఉంది. బోటు ఒడ్డుకు వచ్చిన రోజే అయ్యగారికి ఫోన్ చేయమనండి. పాస్టరుతోపాటు ఒకరిద్దరు సంఘస్థులు ఇంటికొస్తే అదే బల్ల. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు మారేవాళ్లున్న సంఘాలూ సాయంత్రం రెండోసారి ఇవ్వడం గురించి ఆలోచించాలి. ఒకరి కోసం ఒకరు ఆగమన్న 1 కొరింథీ 11:33ను విశాఖలో పాటించడమంటే అదే.

అత్తగారి విషయంలో ముందు నర్సును అడగండి. పక్షవాతంలో మింగడం దెబ్బతింటే రొట్టెముక్కే కాదు, చెంచాడు రసం కూడా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ముక్కులో గొట్టం ఉన్నా, నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దన్నా ఇవ్వకండి. పెదవికి తడి తగిలించి ప్రార్థించడం చాలు. మింగగలిగితే ఆవగింజంత ముక్క, తల ఎత్తి కూర్చోబెట్టి.

ప్రశ్న: షుగరు ఉంది. ఉపవాసంతోనే సంస్కారం తీసుకోవాలా?
– సీతమ్మధార

జవాబు: అక్కర్లేదు. కప్పులో ఉండే చక్కెర గ్రాము, గ్రామున్నరకు మించదు, దానితో ప్రమాదం లేదు. ఇన్సులిన్ వేసుకుని ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా కూర్చోవడమే ప్రమాదం. కేథలిక్ నియమంలో కూడా ఉపవాసం గంటే. మంచినీళ్లు, మందులు దానికి అడ్డు కావు. వృద్ధులకు, రోగులకు ఆ గంట కూడా లేదు.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు, “నాకెందుకు ఇవ్వరు?” అంటోంది. – పెదవాల్తేరు

జవాబు: కేథలిక్కులు 1910 నుంచి ఏడేళ్లు వచ్చేసరికి ఇస్తున్నారు. బాప్టిస్టు, బ్రదరన్ సంఘాల్లో బాప్తిస్మం తర్వాతే. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో పాత పద్ధతి ప్రకారం నిర్ధారణ (కన్ఫర్మేషన్) పొందాక. మీ సంఘం నియమం ఏదైనా, పాపను “నీకు కాదు” అని వెనక్కి లాగకండి. ముందుకు తీసుకెళ్లి తలమీద చేయి పెట్టి దీవించమని అడగండి. అలా అడిగే పిల్లకు బోధించడం తేలిక.

ప్రశ్న: మా సంఘంలో ఒకప్పుడు ఒకే పాత్ర. కొన్ని కుటుంబాలవాళ్లు వేరే కులంవాళ్ల తర్వాత తాగేవారు కాదు. చిన్న కప్పులు వచ్చాక ఆ గొడవ పోయింది. మంచిదేగా?
– అనకాపల్లి వైపు నుంచి ఒక సంఘ పెద్ద

జవాబు: గొడవ పోయిందా, కనిపించకుండా పోయిందా?

చిన్న కప్పులు 1890ల్లో అమెరికాలో మొదలయ్యాయి, అప్పుడే తెలిసివస్తున్న సూక్ష్మక్రిముల భయంతో. ఆ కారణానికైతే మేం అడ్డు చెప్పం. వైన్‌లో ఉండే కొద్దిపాటి సారాయి కూడా ద్రాక్షరసంలో ఉండదు కాబట్టి ఒకే పాత్రకు ఇంకా జాగ్రత్త కావాలి. ప్రతి ఒక్కరి తర్వాత అంచు తుడిచి, పాత్ర తిప్పి ఇవ్వాలి. రొట్టె ముంచుకుని తీసుకోవడం పరిష్కారం అనుకుంటారు గానీ, అందరి వేళ్లూ రసంలో పడితే అదీ అంతే.

కులం సంగతి వేరు, ఇది పాత జబ్బు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దక్షిణాది సంఘాలకు లేఖ రాసి, బల్ల దగ్గర కులం వరసలు వెంటనే పూర్తిగా మానాలన్నాడు. కొందరు సంఘాలు వదిలి వెళ్లిపోయారే గానీ ఆ బంతిలో కూర్చోలేదు. రెండు శతాబ్దాలకు దగ్గరపడుతున్నా మీరు ఈ ప్రశ్న రాయాల్సి వచ్చింది.

కప్పులు ఉంచుకోండి. కొన్ని మార్పులు మాత్రం చేసి చూడండి. పళ్లెం ప్రతిసారీ ముందు వరస నుంచి మొదలుపెట్టకండి, ఒక నెల వెనక వరస నుంచి, ఒక నెల గుమ్మం దగ్గర నుంచి. పళ్లెం పట్టే పరిచారకులను ఒకే రెండు ఇళ్ల నుంచి తీసుకోకండి. రసం కాచేవాళ్లలో, రొట్టె వత్తేవాళ్లలో ఎవరెవరున్నారో ఒకసారి చూడండి. ఒకరి చేతి చపాతీ వద్దనే ఇల్లు ఏదైనా ఉంటే అక్కడ బయటపడుతుంది. అందరికీ కప్పు అందేదాకా ఎవరూ తాగకుండా చేతిలో పట్టుకుని ఉండమనండి, ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డవాళ్లకు కూడా అందాక అందరూ ఒక్కసారే పుచ్చుకోండి. 200 మందికి మహా అయితే ఎనిమిది నిమిషాలు పడుతుంది.